పెట్రోలు ముల్లు ఎర్ర గీతలోకి వచ్చాక స్కూటర్ ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

గన్నవరం_వాణి:
అందరికీ నమస్కారం. మాది యాక్టివా 6జీ, 2021 మోడల్. నేను, మా తమ్ముడు ఇద్దరం వాడతాం. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇల్లు. పొద్దున ఆరింటికే గన్నవరంలో నేను పనిచేసే ల్యాబ్‌కి బయల్దేరాలి, దాదాపు ఇరవై కిలోమీటర్లు. తాళం తిప్పేసరికి చాలాసార్లు ముల్లు ఎర్ర గీత మీదే ఉంటుంది. బంకులో ఆగితే బయోమెట్రిక్ లేటు. ఎర్ర గీతలోకి వచ్చాక ఎన్ని కిలోమీటర్లు నమ్మొచ్చో తెలిసినవాళ్ళు ఒక అంకె చెప్పండి. మొన్న నిడమానూరు దాటాక బండి ఆగిపోయింది. సర్వీస్ రోడ్డులో లారీల పక్కన నెట్టుకుంటూ వెళ్ళాను. అందుకే అడుగుతున్నాను.

రోడ్డుమీద_రాజు:
నలభై వస్తుంది అక్కా, టెన్షన్ పడకండి. నాదీ అదే బండి, హైదరాబాద్‌లో డెలివరీ చేస్తా. ముల్లు ఎర్రలో ఉండగానే నా పని సగం నడుస్తుంది.

మిర్చియార్డ్_గుంటూరు:
నలభై ఎక్కువ. ఇరవై ఐదు దాటితే నమ్మకండి.

పాతచేతక్:
వాణి గారూ, ఆ నలభైని నమ్ముకుని హైవే ఎక్కకండి. అసలు మీ బండికి రిజర్వ్ లేదు. పాత బజాజ్ చేతక్‌కి ఉండేది. సీటు కింద పెట్రోలు కాక్, అంటే తిప్పే కుళాయి, దానికి ఆన్, రిజర్వ్, ఆఫ్ అని మూడు స్థానాలు. ట్యాంకు లోపల సన్నటి గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. కాక్ ఆన్‌లో ఉన్నంతసేపూ పెట్రోలు ఆ గొట్టం పై అంచు నుంచే దిగుతుంది. మట్టం అంచు కంటే తగ్గగానే బండి దగ్గుతుంది. బండి నడుస్తుండగానే చెయ్యి కిందికి పెట్టి కాక్ తిప్పితే, ట్యాంకు అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుని బండి మళ్ళీ అందుకుంటుంది. గొట్టం ఎత్తు ఎంతో రిజర్వ్ అంత. ఎవరు తోలినా అదే కొలత.

మీ 6జీలో కాక్ లేదు. ఉన్నది పెట్రోలు మీద తేలే ఒక ఫ్లోట్, దాన్ని బట్టి కదిలే ముల్లు. బండి నిటారుగా ఉంటే ఒక లెక్క చూపిస్తుంది, సైడ్ స్టాండ్ మీద ఒరిగితే ఇంకో లెక్క. ఎర్ర గీత అంటే వెంటనే పెట్రోలు కొట్టించమని చెప్పడం, అంతే. ఇన్ని కిలోమీటర్లు తిరగండని కంపెనీ ఇచ్చిన హామీ కాదు. పైగా ఇది పెట్రోలును పంపుతో ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ బండి. ఆ పంపు ట్యాంకులోనే ఉంటుంది. చుట్టూ పెట్రోలు ఉంటేనే అది చల్లగా ఉంటుంది. రోజూ అడుక్కంటా తోలితే పంపు గాలి పీల్చుకుని వేడెక్కుతుంది. అది పోతే ఖర్చు వేలల్లో ఉంటుంది.

రోడ్డుమీద_రాజు:
పెద్దాయనా, అక్క అడిగింది కిలోమీటర్లు. మీరు గొట్టం గురించి చెప్పారు. నా లెక్క ఇది. 6జీ ట్యాంకు 5.3 లీటర్లు. ముల్లు ఎర్ర గీత తాకగానే బంకుకి వెళ్ళి ఫుల్ చేయిస్తే 4.2 పట్టింది. అంటే లోపల 1.1 మిగిలి ఉంది. సిటీలో నాకు 42 మైలేజ్ వస్తుంది. లెక్క కడితే నలభై ఆరు. అందులో ఆరు తీసేసి చెప్పాను.

పాతచేతక్:
ఎన్నిసార్లు అలా కొలిచారు?

రోడ్డుమీద_రాజు:
పండక్కి ఊరికి పోయేముందు ఫుల్ చేయించినప్పుడు. కొలత కొలతే కదా.

పాతచేతక్:
కాదు. నాజిల్ టక్కుమని ఆగగానే ఆపారా, కుర్రాడు ఇంకో రెండుసార్లు నొక్కి అంచుదాకా పోశాడా? 5.3 అనేది మూతి దాకానా, నాజిల్ ఆగేదాకానా? ముల్లు గీత తాకిందా, గీత మధ్యలో ఉందా? అక్కడే అర లీటరు తేడా వస్తుంది. ఆ అడుగున ఉన్నదంతా పంపు పీల్చలేదు కూడా. మీ నలభై ఆరు ఒక్క బండికి, ఒక్క రోజుకి సంబంధించిన అంకె. దాన్ని పట్టుకుని ఒక ఆడపిల్లకు హైవే మీద ధైర్యం చెబుతున్నారు.

కడప_ఎస్ఎస్ఆర్:
చేతక్ గారు చెప్పిన ఫ్లోట్ సంగతి నిజం. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు చూడండి. ఏటవాలు మీద పెట్రోలంతా ఒక పక్కకు జరుగుతుంది, ముల్లు చూపించేది నమ్మలేం. మలుపు దాటి కాస్త చదునైన చోటికి వస్తే మళ్ళీ మారుతుంది. బండి చదునుగా, నిటారుగా ఉన్నప్పుడు చూసిందే లెక్క.

బందరురోడ్_బాషా:
ఇదంతా కాదండీ, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజే పడిపోయింది. పాత లెక్కలేవీ పనికిరావు.

పాతచేతక్:
బాషా గారూ, పడింది, కానీ మరీ అంత కాదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ కాబట్టి మైలేజ్ తగ్గడం సహజం. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలో, ఇథనాల్ లేని పెట్రోలుకి తయారై, పది శాతం ఇథనాల్ ఉండే ఈ10కి సర్దిన టూవీలర్లకు ఈ20తో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని రాశారు. నలభై కిలోమీటర్ల మీద అది రెండు కిలోమీటర్ల లోపే. ఇక్కడ గొడవ ఆ రెండు కిలోమీటర్ల గురించి కాదు.

బందరురోడ్_బాషా:
నా బండికి పది శాతం పైనే పడింది. నివేదికలు రాసేవాళ్ళు బందరు రోడ్డు ట్రాఫిక్‌లో తిరగరు.

మిర్చియార్డ్_గుంటూరు:
బంకు మోసం కూడా కలుపుకోండి. వంద, రెండు వందలు అని రౌండ్‌గా అడిగితే తక్కువ పోస్తారు. నేనెప్పుడూ నూట పదీ, రెండు వందల ముప్ఫయ్యీ అని కొట్టిస్తాను.

కడప_ఎస్ఎస్ఆర్:
నూట పది అన్నంత మాత్రాన మిషన్ మారదు గురువు గారూ. అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్ర తెమ్మని అడగండి. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన పాత్ర ప్రతి బంకులో ఉండాలి, మీ ముందే పోసి చూపించాలి. మొహమాటపడకుండా అడగడమే.

గన్నవరం_వాణి:
బంకు సంగతి తర్వాత చూద్దామండీ. నాకు ఇరవై కిలోమీటర్లు చాలు. రాజు నలభై అన్నాడు, గుంటూరు గారు ఇరవై ఐదు అన్నారు. ఏ లెక్కన చూసినా గన్నవరం వచ్చేయాలి. మరి నేను నిడమానూరు దగ్గర ఎందుకు ఆగిపోయాను?

రోడ్డుమీద_రాజు:
మీరు తాళం తిప్పేసరికి ముల్లు ఎర్ర గీత మొదట్లో ఉందా, చివర్లో ఉందా అక్కా? రాత్రే అది ఎర్రలోకి వచ్చేసి ఉంటుంది. మీ తమ్ముడు దాని మీద ముప్ఫై తిరిగి ఉంటాడు. మిగిలిన పది మీకు వచ్చింది. నేను చెప్పిన నలభై అక్కడే తేలింది చూడండి.

పాతచేతక్:
నేను చెప్పిందీ అక్కడే తేలింది. ఎర్ర గీతలోకి ఎప్పుడు వచ్చిందో తోలేవాళ్ళకే తెలియనప్పుడు నలభై అన్నా నాలుగన్నా ఒకటే. వాణి గారూ, ఒక పని చెయ్యండి. ముల్లు గీత తాకినప్పుడు కిలోమీటర్ల మీటరు రీడింగ్ రాసుకోండి. వెంటనే ఫుల్ చేయించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. నాలుగైదుసార్లు చేస్తే మీ బండి లెక్క మీకు దొరుకుతుంది. ట్యాంకు ఎండగొట్టి పరీక్ష చెయ్యక్కర్లేదు. ఆ తర్వాత కూడా ముల్లు సగానికి రాగానే కొట్టించడం అలవాటు చేసుకోండి. ఫుల్ ట్యాంకు పెట్టుకునేవాళ్ళకు ఈ ప్రశ్నే రాదు. వంద రూపాయలకు కొట్టించుకుంటూ చివరి చుక్క దాకా తోలేవాళ్ళు తమ బండిని తామే చంపుకుంటారు.

రోడ్డుమీద_రాజు:
ఇంతసేపూ గౌరవంగా మాట్లాడాను. వంద రూపాయలవాళ్ళు అని ఎవరిని అంటున్నారు? హైదరాబాద్‌లో లీటరు వంద రూపాయలు దాటింది. వందకి లీటరు కూడా రాదు. వచ్చినదానితో నలభై కిలోమీటర్లు తిరిగితే ఆ పూట నా పని నడుస్తుంది. ఫుల్ ట్యాంకు అంటే ఐదు వందల పైనే. నాకు డబ్బు వారానికోసారి పడుతుంది. బుధ, గురువారాల్లో జేబులో అంత ఉండదు. ఉన్నా ట్యాంకులో పోసి కూర్చుంటే ఇంటికి కూరగాయలు ఎలా తేవాలి? మీకు ఎర్ర గీత అంటే బండి పాడవడం. నాకు ఇంకో రెండు ఆర్డర్లు. ఆ అడుగున ఉన్న పెట్రోలు కూడా నా డబ్బే. ముట్టుకోవద్దని చెప్పడానికి మీరెవరు?

పాతచేతక్:
నీ జేబు గురించి నేనేమీ అనలేదు. బండి గురించి అన్నాను. పంపు పోయిన రోజు ఆ వేలు ఎవరు ఇస్తారు నీకు? ఆ రోజు ఆర్డర్లు కూడా పోతాయి. నేను కిరాణా కొట్లో గుమాస్తాగా చేసి పిల్లల్ని చదివించినవాణ్ణి, ఫుల్ ట్యాంకు మా ఇంట్లోనూ నెలకోసారే. అయినా రిజర్వ్ ముట్టుకునేవాళ్ళం కాదు. కాక్ రిజర్వ్‌కి తిరిగిందంటే మరుసటి మజిలీ బంకే. మా నాన్నకి అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు ఆ అడుగు పెట్రోలుతోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ వేళకి మా ఊళ్ళో బంకు తెరిచి లేదు. అది వాడుకోవడానికి పెట్టుకున్న పెట్రోలు కాదు, రాజూ.

రోడ్డుమీద_రాజు:
మీ నాన్నగారి సంగతికి నాకూ బాధగానే ఉంది. కానీ రోజూ ఆపదే ఉన్నవాడు ఆపద కోసం ఏం దాచుకుంటాడు?

బందరురోడ్_బాషా:
రాజు మాటలో న్యాయం ఉంది.

కడప_ఎస్ఎస్ఆర్:
ఇద్దరూ ఒక్క మాట వినండి. చేతక్ అయితే పెట్రోలు అయిపోయినా పక్కకు బాగా వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్ కొడితే బంకు దాకా వచ్చేది. ఇంజెక్షన్ బండిని అలా నమ్ముకోలేం. ఎండిపోయాక పెట్రోలు పోసినా వెంటనే సెల్ఫ్ నొక్కకూడదు. తాళం ఆన్ చేసి, లోపల పంపు జుయ్‌మని ఆగేదాకా ఉండి, ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యాలి. రెండు మూడుసార్లు అలా చేస్తే లైన్‌లోకి పెట్రోలు వస్తుంది. వాణి గారికి ఇది పనికొస్తుంది.

గన్నవరం_వాణి:
పనికొస్తుంది అన్నయ్యా, థాంక్స్. ఆ రోజు ఇది తెలియక సెల్ఫ్ నొక్కీ నొక్కీ బ్యాటరీ కూడా దింపుకున్నాను. బంకు దాకా నడిచి వెళ్తే సీసాలో పొయ్యడం కుదరదన్నారు. నిబంధన అట, వాళ్ళను అని లాభం లేదు. బండినే బంకు దాకా నెట్టుకెళ్ళాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం చెప్తాను. మా తమ్ముడు సాయంత్రం బండి తీసుకుని వంద కొట్టిస్తాడు, వందకీ తిరిగేస్తాడు. ముల్లు మళ్ళీ ఎర్ర గీత మీదికి తెచ్చి స్టాండ్ వేస్తాడు. అడిగితే, నేను పోసింది నేనే వాడుకున్నా, నీ పెట్రోలు ముట్టుకోలేదు అంటాడు. ఈ బండి ఈఎంఐ నేనే కడుతున్నాను. ఎర్ర గీత కింద ఉన్నది ఎవరిదని నేను ఎవరినీ అడగలేక, ఎన్ని కిలోమీటర్లని ఇక్కడ అడిగాను.

రోడ్డుమీద_రాజు:
అక్కా, కోపం తెచ్చుకోకండి. వాడి లెక్కలో తప్పు లేదు. పోసినంతే తిరిగాడు.

పాతచేతక్:
ఎలా తప్పు లేదు? వంద పోసి నూట ఇరవైకి తిరిగాడో, ఎనభైకే తిరిగాడో ఆ ముల్లు చెప్పగలదా? ముందే చెప్పాను కదా, అది కొలిచే పరికరం కాదని. లెక్క సరిపోయిందే అనుకుందాం. తెల్లారి అక్క ఆరింటికి హైవే ఎక్కుతుందని తెలిసినవాడు బండిని ఆ స్థితిలో వదలడం లెక్కల తప్పు కాదు, ఇంకో రకం తప్పు. బండిని చివర తోలినవాడు తర్వాతివాళ్ళు బయల్దేరేలా పెట్టాలి.

రోడ్డుమీద_రాజు:
అంటే రోజూ వాడు యాభై రూపాయల పెట్రోలు అక్క కోసం వదలాలి. వాడికి జీతం ఉందో లేదో మీకు తెలుసా? ఇంట్లో అందరూ చిన్నవాడికి నీతులు చెప్పేవాళ్ళే. నేనూ మా అన్న బండి తోలినవాణ్ణే.

మిర్చియార్డ్_గుంటూరు:
వాణి గారే ఒకసారి ఫుల్ చేయించేస్తే గొడవ ఉండదు కదా.

గన్నవరం_వాణి:
చేయించాను గుంటూరు గారూ. మూడో రోజుకి మళ్ళీ ఎర్ర గీతే. నా ఫుల్ ట్యాంకులో ఎవరు ఎంత తాగారో అప్పుడు ఏ లెక్కా లేదు.

రాజు తమ్ముడూ, నువ్వు పేదరికం గురించి చెప్పింది నాకు అర్థమైంది. వాడికి ఉద్యోగం లేదు, డబ్బు ఇచ్చేది నేనే, అది పెద్ద విషయం కాదు. వంద అడిగితే వందా ఇస్తాను. లెక్క సరిగ్గానే ఉందని నువ్వంటున్నావు, ఉందనుకో. ఆ పొద్దున నిడమానూరు దగ్గర బండి నెట్టింది నేను. వాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, నిద్రపోతున్నాడు. వాడి లెక్కలో ఆ నెట్టడం ఎక్కడా లేదు.

రోడ్డుమీద_రాజు:
ఫోన్ ఎత్తకపోవడం తప్పే. పెట్రోలు సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను.

గన్నవరం_వాణి:
మార్చుకోవద్దు. నీ బండి నువ్వొక్కడివే తోలుతున్నావు, నీ ఎర్ర గీత నీ ఇష్టం. మా బండి ఇద్దరిది. ఇవాళ రాత్రి వాడు రాగానే కిందికి వెళ్ళి, సెంటర్ స్టాండ్ వేసి ముల్లు చూస్తాను. ఎర్రలో ఉంటే రేపు సాయంత్రం తాళం ఇవ్వను.