అంతరిక్ష ఓడకి కన్నం పడితే మనుషులు నిజంగా బయటికి కొట్టుకుపోతారా?

రాత్రిపాఠకుడు: సైన్స్ ఫిక్షన్‌లో ఎప్పుడూ ఇదే సీను. ఉల్క ముక్క తగిలి గోడకి పిడికిలంత కన్నం పడుతుంది, కుర్చీలతో సహా మనుషులంతా అందులోకి దూసుకుపోతారు. ఇది అబద్ధమని కొట్టిపారేసేవాళ్ళని అడుగుతున్నా. 1988లో అలోహా 243 విమానం పైకప్పు ఎగిరిపోతే ఒక ఎయిర్ హోస్టెస్ కొట్టుకుపోయింది. 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390లో విండ్‌షీల్డ్ ఊడిపోయి కెప్టెన్ సగం బయటికి వచ్చి వేలాడాడు. బయట ఎంతో కొంత గాలి ఉన్నచోటే ఇలా ఉంటే, అసలు గాలే లేనిచోట ఇంకెలా ఉండాలి?

గళ్ళనోట్‌బుక్: అక్కడే పప్పులో కాలేశారు. విమానం బయట గంటకి వందల కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటుంది, బయటికి వచ్చినవాణ్ణి పట్టి ఈడ్చేది అదే. అంతరిక్షంలో అది లేదు. శూన్యానికి లాగే శక్తి ఉండదు, లోపలి గాలి నెట్టడమే. ఆ నెట్టుడు ఒక్క అట్మాస్ఫియర్ (నేల మీద మామూలు గాలి ప్రెషర్) దాటదు.

లెక్క చూడండి. కన్నంలో గాలి వేగం ధ్వని వేగాన్ని దాటదు. గది ఉష్ణోగ్రతలో ప్రతి చదరపు మీటరు కన్నానికీ సెకనుకి దాదాపు 200 ఘనపు మీటర్ల లోపలి గాలి పోతుంది. అంచులు చీలికలుగా ఉంటే అందులో 60–80 శాతమే. మీ పిడికిలి కన్నం 10 సెంటీమీటర్లు అనుకుందాం: సెకనుకి 1.6 ఘనపు మీటర్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అంత ఓడలో, అంటే సుమారు 900 ఘనపు మీటర్లలో, ప్రెషర్ సగానికి పడడానికి ఆరు నిమిషాల పైనే పడుతుంది. కన్నానికి మీటరు దూరంలో గాలి వేగం సెకనుకి 25 సెంటీమీటర్లు. మన సీలింగ్ ఫ్యాన్ గాలి ఇంతకన్నా గట్టిది. కన్నం మీద చెయ్యి పెడితే మాత్రం 80 కిలోల బరువు పడుతుంది. అతుక్కుపోతుంది, వాస్తుంది, మనిషి అందులోంచి దూరిపోడు.

వాల్వు_మెకానిక్: విశాలమైన గదికి ఈ లెక్క సరే. కారిడార్ సంగతి చెప్పలేదేం? అడ్డుకోత వైశాల్యం 4 చదరపు మీటర్లున్న కారిడార్, చివర 1 చదరపు మీటరు కన్నం. 200ని 4తో భాగించండి: సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్ల తుఫాను. అడ్డంగా నిలబడ్డ మనిషి మీద సుమారు 100 కిలోల తోపు. భారరహిత స్థితిలో కాలు ఆనడానికి నేల కూడా లేదు.

అయితే కారిడార్‌లో ఉన్నది 40 ఘనపు మీటర్లే అయితే, సెకనులో ఐదో వంతుకే గాలి మూడో వంతుకి పడిపోతుంది. మనిషి కదలడం మొదలెట్టేసరికి నెట్టడానికి ఏమీ మిగలదు. వెనక హ్యాచ్ (గాలి చొరబడని తలుపు) తెరిచి ఉండి, దాని అవతల 2000 ఘనపు మీటర్ల హ్యాంగర్ ఉంటే అదే తుఫాను పది సెకన్లు వీస్తుంది. అప్పుడు కొట్టుకుపోతారు, సందేహం లేదు.

గళ్ళనోట్‌బుక్: 2000 ఘనపు మీటర్లకి మధ్యలో ఒక్క తలుపూ మూసుకోని ఓడా? దాన్ని డిజైన్ చేసినవాణ్ణి ముందు బయటికి గెంటాలి.

శూన్యవాది: ప్రెషర్ పడిపోవడాన్ని కథల్లో "పేలుడు" అనేస్తుంటారు, దేన్నంటున్నారో కూడా చూసుకోండి. వైమానిక వైద్యంలో అర సెకను లోపు ప్రెషర్ పడితేనే ఆ పేరు. ఊపిరితిత్తుల్లోంచి గాలి బయటపడడానికి దాదాపు 0.2 సెకను కావాలి, అంతకన్నా వేగంగా పడితే అవి చిరుగుతాయి. అందుకే ఊపిరి బిగపట్టిన హీరో ముందు చస్తాడు. నోరు తెరిచి వదిలేయాలి. ఆ తర్వాత స్పృహ 10–15 సెకన్లు. 1966లో హ్యూస్టన్‌లోని నాసా వాక్యూమ్ చాంబర్‌లో (గాలి తీసేసిన గది) సూటు గొట్టం ఊడిన టెక్నీషియన్ 14 సెకన్లకి పడిపోయాడు. నాలుక మీద ఉమ్మి మరుగుతున్నట్టు అనిపించడమే ఆయనకి చివరగా గుర్తుంది. వెంటనే గాలి నింపడంతో బతికాడు.

ఇంకోటి, కథల్లో ఎవరూ రాయనిది: పొగమంచు. ప్రెషర్ గబుక్కున సగానికి పడితే గాలి మైనస్ 30 డిగ్రీల దాకా చల్లబడి, కేబిన్ అంతా తెల్లగా కమ్ముకుంటుంది. మాస్కు ఎక్కడుందో కనబడదు.

రాత్రిపాఠకుడు: సెకనుకి 25 సెంటీమీటర్ల గాలితో పాఠకుణ్ణి ఎలా భయపెట్టమంటారు?

శూన్యవాది: సోవియట్ ఓడ సోయుజ్ 11. 1971 జూన్ 30, 168 కిలోమీటర్ల ఎత్తు. ఓడ మాడ్యూళ్ళు (భాగాలు) విడిపోయేటప్పుడు ప్రెషర్ సమం చేసే చిన్న వాల్వు తెరుచుకుంది. సుమారు 4 ఘనపు మీటర్ల కేబిన్ రెండు నిమిషాల లోపే ఖాళీ. చేత్తో మూసే వీలుంది, మూసేలోపే స్పృహ పోయింది. ముగ్గురికీ సూట్లు లేవు. సీట్లలోనే దొరికారు, ఎవరూ ఎక్కడికీ కొట్టుకుపోలేదు. ఇంతకన్నా భయం కావాలా?

వాల్వు_మెకానిక్: నెమ్మది లీకూ తక్కువదేం కాదు. 2018 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న సోయుజ్ ఎంఎస్-09లో 2 మిల్లీమీటర్ల కన్నం. హ్యాచ్‌లు మూసుకుంటూ ఏ భాగంలో ప్రెషర్ పడుతోందో చూసుకుంటూ వెళ్ళి పట్టుకున్నారు. ముందు వేలు, తర్వాత కాప్టాన్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) టేపు, చివరికి ఎపాక్సీ జిగురులో తడిపిన గుడ్డ. అంత కన్నం మీద పడే బలం 30 గ్రాములే కాబట్టి వేలు చాలింది.

మీ హీరో శూన్యం వైపున్న ఎయిర్‌లాక్ (బయటికి వెళ్ళేముందు గాలి తీసేసే చిన్న గది) తలుపు లోపలికి లాగి తెరిచే సీను మాత్రం తీసేయండి. చదరపు మీటరు తలుపు మీద 10 టన్నులు. 5 ఘనపు మీటర్ల ఎయిర్‌లాక్‌ని 2 సెంటీమీటర్ల వాల్వుతో ఖాళీ చేస్తే ఆరు నిమిషాలకి 1 శాతం మిగులుతుంది. ఆ ఒక్క శాతమే తలుపు మీద ఇంకా 100 కిలోలు.

రాత్రిపాఠకుడు: అయితే నా ఓడలో అపోలోలా 34 కిలోపాస్కల్స్ (మామూలు గాలి ప్రెషర్‌లో మూడో వంతు) శుద్ధ ఆక్సిజన్ పెడతా. తలుపు తేలిక, లీకూ నిదానం.

గళ్ళనోట్‌బుక్: తలుపు బరువు మూడో వంతు అవుతుంది, నిజమే. లీకు నిదానించదు. ప్రెషర్ సగానికి పడే సమయం మొదటి ప్రెషర్ మీద ఆధారపడదు, ఓడ ఘనపరిమాణాన్నీ కన్నం సైజునీ బట్టే ఉంటుంది. మీకు లాభం ఇంకోచోట ఉంది. మామూలు గాలి సగానికి పడితే ఆక్సిజన్ 10 కిలోపాస్కల్స్, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దగ్గరున్నంత. మీ ఓడలో సగానికి పడ్డా 17 ఉంటుంది, మనిషి పని చేసుకోగలడు. కారిడార్ సీను వాడుకుంటే ఒకటి మార్చండి: వేగం దాదాపు అంతే ఉన్నా గాలి పలచన కాబట్టి, ఆ 100 కిలోల తోపు 35 దగ్గరికి దిగుతుంది.