అప్‌డేట్: నాటు రాగిలో కంకుల ఎంపిక

మదనపల్లె దగ్గర మా చేలో నాటు రాగికి మెడ విరుపు (కంకి మెడకు పట్టే అగ్గి తెగులు) వస్తోంది, మంచి కంకులు ఏరుకుంటూ పోతే విత్తనం బాగుపడుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. గట్టు పక్క కంకులు వద్దు, చేను నడిమధ్య నుంచి తీసుకో, కంకికో సాలు వెయ్యి (ఒక్కో కంకి గింజలు విడిగా ఒక్కో వరుసలో) అని మీరు చెప్పారు. ఆ మాటే పంటను నిలబెట్టింది. అందరికీ దండాలు.

గట్టు మొక్కకు ఎండా, ఎరువూ ఎక్కువ అందుతాయి. దాని లావు కంకి నేల చలవే తప్ప విత్తనం గుణం కాకపోవచ్చు. సాళ్లుగా వేశాక ఆ తేడా కళ్లారా కనిపించింది. రాగి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి ఒక్కో సాలు ఒక్క తీరుగా వచ్చింది. తెగులు అన్ని సాళ్లకూ పాకేలా, అది సులువుగా పట్టే వేరే రకాన్ని మధ్యమధ్య వేశాం, తట్టుకున్నవి తేలిపోయాయి. వాటన్నిటినీ కలిపే ఉంచాను. ఒక్క సాలు మీదే ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

అయితే మన విత్తనంలో లేని గుణం ఏరితే రాదు. కర్ణాటకలో రాగి శాస్త్రవేత్త లక్ష్మణయ్యగారు భారత, ఆఫ్రికా రాగులను సంకరం చేసి ఇండాఫ్ రకాలు తెచ్చింది అందుకే. ఇండాఫ్ 5 సంతతిలోంచే అగ్గి తెగులు తట్టుకునే జీపీయూ 28 అనే రాగి రకం వచ్చింది.

వచ్చే ఖరీఫ్‌లో దాన్నీ పక్కనే వేస్తా. సంగటి రుచి మాత్రం మా అమ్మే తేల్చాలి.