గుమ్మడికాయ దొంగ భుజాల మీద ఉన్నదేమిటి?

ప్రశ్న: నాటు కూరగాయల బొమ్మలు వాటర్ కలర్‌లో వేస్తున్నాను. ఒక్కో రకం పక్కన దాని గుర్తులన్నీ తెలుగులోనే రాయాలని పట్టుదల. తొడిమ, ముచ్చిక, ఈనె, నూగు, అన్నీ దొరికాయి. కాయ తొక్క మీద తెల్లగా ఉండి, వేలు తగిలితే చెరిగిపోయే పొరని ఏమనాలండీ? ‘పూత’ అంటే సరిపోతుందా?

జవాబు: పూత వద్దండీ. పైన పూసినదేదైనా పూతే కాబట్టి అర్థం తప్పేమీ కాదు, కానీ మొక్క బొమ్మ పక్కన ఆ మాట కనబడితే అందరూ పువ్వుల సంగతే అనుకుంటారు. నా ఓటు ‘బూడిద’కి. బూడిద గుమ్మడి అని పేరు పెట్టినవాళ్లు ఈ పనేదో ఎప్పుడో చేసి పెట్టారు.

‘గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు’ అన్న సామెత కూడా దీని మీదే నిలబడింది. తప్పు చేసినవాడు తనంతట తానే బయటపడతాడని వాడేస్తాం సరే, తడుముకునేది భుజాలే ఎందుకు? అంత పెద్ద కాయని భుజాన మోసుకుపోతే ఆ తెలుపు అక్కడ అంటుకుంటుంది కాబట్టి. తీయగుమ్మడిని ఊహించుకుంటే ఈ సామెత సగమే అర్థమవుతుంది.

నిజానికి ఆ తెలుపు మైనం. లేత బూడిద గుమ్మడికాయ ఒళ్లంతా నూగు ఉంటుంది, దాని శాస్త్రీయ నామం బెనిన్‌కాసా హిస్పిడాలో ‘హిస్పిడా’ అన్నది ఆ నూగు గురించే. ముదిరేకొద్దీ మైనం పేరుకుంటుంది, అది కూడా అన్ని రకాల్లో ఒకేలా ఉండదు, కొన్నిటికి దట్టంగా, కొన్నిటికి దాదాపు లేకుండా. తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన రకాన్ని బొమ్మలో పట్టుకోవాలంటే ఇలాంటి తేడాలే ముఖ్యం, అందుకే దీనికి ఒక ఖాయమైన మాట ఉండాలని నేను గట్టిగా అంటున్నాను.

వేసేటప్పుడు కూడా ఈ మాట పనికొస్తుంది. వంకాయ మెరుపుకి కాగితాన్ని పదునైన అంచుతో తెల్లగా వదిలేస్తాం. బూడిద ఉన్నచోట అలాంటి మెరుపు రాదు, వెలుగు చెదిరిపోయి నీలం కలిసిన తెలుపులా కనబడుతుంది. ముందు బాగా పలచటి నీలి బూడిద రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి బ్రష్‌తో ఆకుపచ్చని కొద్దికొద్దిగా తేవాలి. తెల్ల రంగు పైన పులిమితే సున్నం కొట్టినట్టు అయిపోతుంది. ఇంకో మాట, కాయని తొడిమ పట్టుకునే ఎత్తండి, వేలిముద్ర పడితే అక్కడ తొక్క నున్నగా మెరిసి బొమ్మలో అబద్ధం చేరుతుంది.

మరొకరు: బాగుంది గానీ, రైతులు చదివితే బూడిద తెగులు అనుకోరూ?

జవాబు: మంచి అనుమానమే. ఆ తెగులు ముఖ్యంగా ఆకుల మీద మచ్చలు మచ్చలుగా మొదలవుతుంది, ఇది కాయంతా పరుచుకుని ఉంటుంది. బొమ్మలో ఆకు కూడా ఉంటే మాత్రం ఊరికే ‘బూడిద’ అనకుండా ‘తొక్క మీద బూడిద, దట్టంగా’ అనో ‘పలచగా’ అనో రాయండి. రకం గుర్తు కూడా అందులోనే వచ్చేస్తుంది.