మా ధ్యాన బృందంలోకి అందరూ రావాలంటే ఏం చేయాలి? (శ్రీకాకుళం)

రిటైర్డ్ మాస్టారు:
ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం పొద్దున్న మా మేడమీద ఆనాపానసతి, అంటే శ్వాస మీద ధ్యాస, చేస్తున్నాం. ఆరుగురితో మొదలుపెట్టాం, ఇప్పుడు పద్దెనిమిది మందిమి. మొన్న బుద్ధ పూర్ణిమకి అందరం పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం వెళ్ళాం. కొండమీద స్తూపం పక్కన కూర్చున్నాక, కింద వంశధార కనిపిస్తుండగా మా ముఖాలే ఒకసారి చూసుకున్నాను. అందరం ఉద్యోగాలు చేసి దిగినవాళ్ళమే, ఒకటి రెండు కులాలవాళ్ళమే. 1956లో అంబేడ్కర్ నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నారు, ఆ దారిలో నడుస్తూ ఇంట్లో బుద్ధుడు చెప్పిన ఐదు నియమాలు, పంచశీల, చెప్పుకునే కుటుంబాలు మా పక్క పేటలోనే ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరూ మా దగ్గరికి రారు. పిలిచాను, "వస్తాం లెండి మాస్టారూ" అన్నారు, రాలేదు. ఇంకో సంగతి, ఉద్దానం కిడ్నీ రోగుల కోసం ఏదైనా చేద్దామంటే మాలో కొందరు "ధ్యానానికొచ్చాం, ధ్యానమే చేద్దాం, మిగతావి వద్దు" అంటున్నారు. ఏం చేయమంటారు?

నాగావళి పిల్ల:
మాస్టారూ, పిలిచానన్నారు, ఎక్కడికి పిలిచారు? మీ మేడమీదకే కదా. మాది దీక్ష తీసుకున్న కుటుంబం. కొన్నేళ్ళ కిందట విజయనగరంలో ఒక బృందానికి అమ్మని తీసుకెళ్ళాను. గంటసేపు అందరితో పాటే కూర్చుంది, బాగుందంది. తర్వాత టీ ఇచ్చారు. అందరికీ స్టీలు గ్లాసులు, అమ్మకీ నాకూ పేపర్ కప్పులు. ఎవరూ ఒక్క మాట అనలేదు, నవ్వుతూనే ఇచ్చారు. టీ చల్లారిపోయేదాకా అమ్మ ఆ కప్పు పట్టుకునే ఉంది, తాగలేదు, పారబోయలేదు. మళ్ళీ వెళ్దామని నేనూ అడగలేదు.
బుద్ధుడి వంశంవాళ్ళే అయిన శాక్య కుమారులు భిక్షు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు, మా గర్వం అణగాలంటే ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇవ్వండి, మేము ఆయనకి నమస్కరిస్తాం అని బుద్ధుణ్ణి అడిగారు. మీరూ అలాగే, మా పేట సామాజిక భవనానికి రండి. నేర్పడానికి కాదు, మావాళ్ళలో ఒకరు నడిపిస్తుంటే వెనక వరసలో కూర్చోడానికి.

సోంపేట నుంచి:
నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. కాబట్టి ఉద్దానం మాట నేను చెప్తాను. దయచేసి పళ్ళు పంచి ఫొటోలు తీసుకోడానికి మాత్రం రాకండి. మాకు కావాల్సింది, ఆటోకి డబ్బుల్లేని రోజు ఎవరైనా బండి పెట్టడం, నాన్న లోపల ఉన్నంతసేపూ వరండాలో కూర్చునే మా అమ్మలాంటివాళ్ళ పక్కన ఎవరైనా కూర్చోవడం. శ్వాస మీద ధ్యాస అంటే నాన్నకి భయం, ఊపిరి ఆడట్లేదేమో అని టెన్షన్ పడతాడు. కళ్ళు తెరిచే ఉంచి, కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న చేతుల వెచ్చదనం గమనించమంటే మాత్రం పది నిమిషాలు నెమ్మదిగా ఉంటాడు.
"ధ్యానమే చాలు" అనేవాళ్ళకి బౌద్ధ గ్రంథం మహావగ్గలో కథ చెప్పండి. విరేచనాలతో పడి ఉన్న భిక్షువుని తోటివాళ్ళు పట్టించుకోకపోతే బుద్ధుడూ ఆనందుడూ కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలి అన్నాడాయన. వియత్నాం యుద్ధం రోజుల్లో అక్కడి బౌద్ధ భిక్షువు థిచ్ నాట్ హాన్, ఆయన వెంట ఉన్న యువకులూ బాంబులు పడ్డ ఊళ్ళలో ఇళ్ళు కట్టారు, కూర్చుని ధ్యానమూ చేశారు.

రామతీర్థం దారి:
టైము కూడా మార్చండి. ఆదివారం పొద్దున్న ఆడవాళ్ళు వంటింట్లో ఉంటారు, చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చిలో ఉంటారు. మేము రాత్రి ఏడున్నరకి పెట్టాక కూలి పనికెళ్ళే ఇద్దరు అక్కలు రావడం మొదలుపెట్టారు. బుద్ధం శరణం గచ్ఛామి అంటూ త్రిశరణాలు చెప్పాలనుకున్నవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళు ఊరికే కూర్చుంటారు, ఎవరినీ మతం అడగం. ఖర్చుల లెక్క గోడమీద రాసి పెడతాం.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, నీ మాట చదివాక వంటింట్లోకి వెళ్ళి చూశాను. మా దగ్గర స్టీలు గ్లాసులు పన్నెండు, మిగతావి పేపర్ కప్పులే. ఏది ఎవరికి ఇస్తున్నామో ఇన్నాళ్ళూ చూడలేదు. ఇంకొకటి, మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ప్రతి ఆదివారం మేము ధ్యానం నుంచి లేచేదాకా మెట్ల మీద ఎదురుచూస్తుంది. రమ్మని ఒక్కసారీ అడగలేదు. రేపు అడుగుతాను. ఈ ఆదివారం మేడమీద కూర్చోవడం ఆపేస్తున్నాం. మీ సామాజిక భవనం తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరిని అడిగి రావాలి?