రాజ్యాంగంలో భాగాలు 22 అని రాయాలా, 25 అని రాయాలా?

పోటీ పరీక్షలకు సొంతంగా చదువుకుంటున్నాను. భారత రాజ్యాంగం దగ్గర నాకు లెక్కలే కుదరట్లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1950లో అమల్లోకి వచ్చినప్పుడు 395 అధికరణలు, 22 భాగాలు, 8 షెడ్యూళ్లు. ఇంతవరకూ గొడవ లేదు. షెడ్యూళ్లు తర్వాత 12 అయ్యాయి, అదీ సరే. భాగాల దగ్గరే తల తిరుగుతోంది. పుస్తకంలో 6వ భాగం అయిపోయి పేజీ తిప్పితే 7 ఖాళీ. దాన్ని 1956లో 7వ సవరణతో తీసేశారట. 4-ఎ, 9-ఎ, 9-బి, 14-ఎ కొత్తగా చేరాయి. వేళ్ల మీద లెక్కపెడితే 25 వస్తున్నాయి, చివరి నంబరు మాత్రం ఇంకా 22 దగ్గరే ఉంది. ‘ప్రస్తుతం ఎన్ని భాగాలు?’ అని అడిగితే ఏది పెట్టాలి?

అసలు సందేహం ఆస్తి హక్కు మీద. 1978లో 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి, 12వ భాగంలో 300-ఎ కింద పెట్టింది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని అక్కడా ఉంది కదా, మరి పోయిందేమిటి? నాకు అర్థమైనంతలో, 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది, 226 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. తేడా అంతేనా? పరిహారం విషయంలో కూడా ఏమైనా మారిందా?

ఏదైనా కేసు ఉదాహరణతో చెబితే మరీ మంచిది. గైడ్లలో ఉండే ఆ ఒక్క లైను మాత్రం వద్దండీ, అది ఇప్పటికే కంఠతా వచ్చేసింది.