భుజం నాలుగోసారి జారింది: కుట్టు చాలా, ఎముక ముక్క పెట్టించాలా?

పర్లాకిమిడి అన్న
మా తమ్ముడికి 19 ఏళ్ళు, కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్. రెండేళ్ళలో కుడి భుజం నాలుగుసార్లు జారింది. మొదటిసారి గీత అందుకోబోతుంటే ఇద్దరు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. నాలుగోసారి మొన్న నిద్రలో. చెయ్యి తల కింద పెట్టుకుని పక్కకి తిరిగాడు, అంతే. బరంపురంలో చూపిస్తే కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల నుంచే, గుంట చుట్టూ చిరిగిన పొర కుట్టేస్తే చాలన్నారు. విశాఖలో ఇంకో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, కుట్టు నిలవదు, ఎముక ముక్క పెట్టి స్క్రూలు బిగించాలి, లాటార్జే చేయించండి అన్నారు. స్క్రూలన్న మాట విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

పాత డిఫెండర్, గుణుపురం
కుట్టు జోలికి వెళ్ళకు తమ్ముడూ. నేను మొదట అదే వేయించుకున్నాను. ఎనిమిది నెలలు బాగానే ఉంది. సంక్రాంతి పోటీల్లో ఒక్క పట్టు పట్టానో లేదో మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత ఎముక ముక్క పెట్టారు. ఐదేళ్ళయింది, ఇవాళ్టికీ బియ్యం బస్తా ఎత్తుతున్నాను. రెండుసార్లు మత్తు, రెండుసార్లు ఖర్చు, రెండుసార్లు పని మానుకోవడం. మొదటే చేసుంటే ఒక్కదాంతో పోయేది.

రాయగడ మావయ్య
ఆట మానేస్తే పోలా? మా మేనల్లుడికి ఈ ఆపరేషనే చేశారు. ముక్క అతుక్కోలేదు, స్క్రూ వదులైంది, మళ్ళీ కోసి తీశారు. ముంజేతి బయటి పక్క ఇప్పటికీ తిమ్మిరే. కబడ్డీ కోసం ఇంత అవసరమా బాబూ?

పాత డిఫెండర్, గుణుపురం
మావయ్యగారూ, ఆ కుర్రాడికి నిద్రలో జారింది. నిద్ర కూడా మానేయమంటారా?

బరంపురం ఫిజియో
అన్నగారు వెటకారంగా అన్నా, అసలు సంగతి అక్కడే ఉంది. పెద్ద దెబ్బకి జారడం వేరు, దుప్పటి సర్దుకుంటే జారడం వేరు. భుజం గుంట చాలా లోతు తక్కువ. కుదురు మీద కుండ పెట్టినట్టు ఉంటుంది. జారిన ప్రతిసారీ కుదురు ముందు అంచు కొంచెం అరుగుతుంది, లేదా విరుగుతుంది. ఆ అంచుకే కొట్టుకుని కుండ, అంటే చేతి ఎముక గుండ్రటి తల, వెనక భాగంలో సొట్ట పడుతుంది. దాన్ని హిల్-శాక్స్ అంటారు. కుదురు బాగుండి చుట్టూ తాడులా ఉన్న పొర మాత్రమే తెగితే కుట్టు చాలు, దాన్నే బ్యాంకార్ట్ రిపేర్ అంటారు. కుదురే ఒక పక్క తెగిపోతే ఎంత గట్టి తాడు కట్టినా కుండ అటే దొర్లుతుంది.

2000లో బర్క్‌హార్ట్, డి బీర్ అనే సర్జన్లు ఇచ్చిన లెక్క మా రంగంలో అందరూ చెప్పుకునేదే. కీహోల్ కుట్టు వేసిన 194 మందిలో ఎముక పెద్దగా పోనివాళ్ళకి తిరిగి జారడం 4 శాతం, బాగా పోయినవాళ్ళకి 67 శాతం.

ఇంకో మాట. నిద్రలో జారిందంటే ఫిట్స్ ఏమైనా ఉన్నాయా అని తప్పకుండా అడగండి. పొద్దున లేచేసరికి నాలుక కొరుక్కుని ఉండటం, పక్క తడవడం లాంటివి. ఫిట్స్ అదుపులో లేకుండా స్క్రూ బిగిస్తే అదీ విరుగుతుంది.

పర్లాకిమిడి అన్న
ఫిట్స్ లేవు, నేను పక్క మంచం మీదే మెలకువగా ఉన్నాను, వాడు నిద్రలో ఊరికే పక్కకి తిరిగాడు. ఎక్స్‌రేలో వెనక సొట్ట కనిపిస్తోందన్నారు. గుంట అంచు సంగతి ఎక్స్‌రేలో తెలియదట. అసలు ఆ ముక్క ఎక్కడినుంచి తెస్తారు? ఎవరిదైనా పెడతారా అని అమ్మ అడుగుతోంది.

ఆర్థో పీజీ
అతనిదే అమ్మా. కాలర్ ఎముక కింద ముందువైపు కోరకాయిడ్ అని రెక్క ఎముక కొన ఉంటుంది, కాకి ముక్కులా వంగి. దాన్ని అంటుకున్న కండరాల కొసతో (టెండన్) సహా కోసి, గుంట ముందు అంచుకి సాధారణంగా రెండు స్క్రూలతో బిగిస్తారు. అరిగిన అంచు నిండుతుంది. పైగా చెయ్యి ఎత్తి వెనక్కి తిప్పినప్పుడు ఆ టెండన్ ముందునుంచి పట్టీలా అడ్డం పడుతుంది. ఫ్రాన్స్‌లో లియాన్ నగరపు సర్జన్ మిషెల్ లాటార్జే 1954లో రాసిన పద్ధతి ఇది. అక్కడ ఎముక అంతగా పోకపోయినా మొదటే ఇది చేసే సర్జన్లు చాలామంది. అమెరికాలో ముందు కుట్టు వైపే మొగ్గు. అందుకే మీకు రెండు ఊళ్ళలో రెండు మాటలు వచ్చాయి, ఎవరూ మోసం చేయట్లేదు.

కుట్టు వేస్తే మళ్ళీ జారే ప్రమాదం ఎంతో చెప్పడానికి 2007లో బాల్గ్, బ్వాలో అనే సర్జన్లు ఇచ్చిన మార్కుల పట్టీ ఉంది, మొత్తం 10. మీ తమ్ముడికి వేస్తే: వయసు 20 లోపు 2, పోటీ ఆట 2, ఒంటికి ఒళ్ళు తగిలే ఆట 1, ఎక్స్‌రేలో సొట్ట 2. కలిపితే 7. సొట్ట చెయ్యి బయటికి తిప్పి తీసిన ఎక్స్‌రేలో కనిపిస్తేనే ఆ 2 లెక్క. 6 దాటితే ఎముక ముక్క వైపు వెళ్ళమన్నారు.

అయినా నేను దాని మీదే కత్తి పట్టను. త్రీడీ సీటీ స్కాన్ తీసి గుంట ఎముక ఎంత శాతం పోయిందో కొలవాలి. 20 శాతం దాటితే కుట్టు పేరు ఎత్తే సర్జన్ తక్కువ. 13 నుంచి 20 మధ్యలో అయితేనే గొడవంతా. అక్కడ కుట్టుతో పాటు వెనక సొట్టలోకి కండరం లాగి పూడ్చే రాంప్లిసాజ్ కూడా ఒక దారి. రాయగడ మావయ్యగారు చెప్పింది తీసిపారేయకండి. ముక్క అతకకపోవడం, నరం నలగడం నిజంగా జరిగేవే. నలిగిన నరం చాలామందికి నెలల్లో తేరుకుంటుంది, కొందరికి లేదు. ఇది విఫలమైతే తర్వాత తుంటి ఎముక తేవాలి, ఆ ఆపరేషన్ ఇంకా కష్టం.

రాయగడ మావయ్య
మా వాడు ఖైనీ వేస్తాడు. అది చెప్పలేదు నేను.

ఆర్థో పీజీ
చెప్పాల్సిందే మావయ్యగారూ, నికోటిన్ ఎముక అతుకుని ఆలస్యం చేస్తుంది. సిగరెట్టైనా ఖైనీ అయినా ముందే మానాలి.

పర్లాకిమిడి అన్న
తమ్ముడిని అడిగాను. ఆడతావా మానేస్తావా అంటే, ముందు షర్టు భయం లేకుండా వేసుకోవాలి అన్నాడు. వాడి నోట ఆ మాట వస్తుందనుకోలేదు. సోమవారం సీటీకి వెళ్తున్నాం. ఆంధ్రా వైపు చేయిస్తే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తించదు కదా, మాది ఒడిశా కార్డు.

బరంపురం ఫిజియో
వర్తించదు, అది ఆంధ్రా కార్డు వాళ్ళకే. ఒడిశా కార్డు ఏ ఆసుపత్రిలో నడుస్తుందో సీటీకి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫిల్ముతో ఊరుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి, లేకపోతే రెండోచోట మళ్ళీ తీయిస్తారు.