ఆ దెబ్బకు టార్గెటింగ్ ఎందుకివ్వలేదు? మీరు చూసినవి కూడా చెప్పండి

టెంపే_కుర్రాడు:
2025 జనవరి 1 నాటి పీచ్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ జట్ల పెద్ద ఆట, నాకింకా మింగుడుపడలేదు. నేను ఏఎస్‌యూలో (అరిజోనా స్టేట్ యూనివర్సిటీ) మాస్టర్స్ చేశాను. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో పదిమందిమి టీవీ ముందు కూర్చున్నాం, అందరం తెలుగువాళ్లమే. స్కోరు 24-24, ఇంక నిమిషం పైచిలుకు ఆట ఉంది. థర్డ్ డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, బంతి మా దగ్గరే ఉండాలంటే 15 యార్డులు కావాలి. మా మెల్క్వాన్ స్టోవాల్‌కి బంతి వేశారు. టెక్సస్ జట్టులో సేఫ్టీ, అంటే వెనక కాపలా కాసే మైకేల్ టాఫ్ వచ్చి గుద్దాడు, హెల్మెట్‌కి హెల్మెట్ తగిలింది. స్టోవాల్ అక్కడే పడిపోయాడు. రీప్లే చూసి టార్గెటింగ్ (తలతోనో తల మీదో ప్రమాదకరంగా గుద్దే తప్పు) కాదన్నారు. ఇచ్చి ఉంటే 15 యార్డులు, ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు) మాకే. ఇవ్వలేదు కాబట్టి పంట్ కొట్టి, అంటే బంతిని తన్ని అవతలి జట్టుకు ఇచ్చేయాల్సి వచ్చింది, రెండో ఓవర్‌టైంలో 39-31తో ఓడిపోయాం. అది టార్గెటింగ్ కాకపోతే మరేది?

ఆస్టిన్_శ్రీను:
తమ్ముడూ, నేను యూటీ (టెక్సస్ యూనివర్సిటీ) వాణ్ణి. ఆ రోజు ఫ్లాగ్ (తప్పు జరిగిందని రిఫరీ విసిరే గుడ్డ) పడి ఉంటే నేనైతే గొడవపడేవాణ్ణి కాదు. కానీ హెల్మెట్లు తగిలినంత మాత్రాన టార్గెటింగ్ అయిపోదు. నిబంధన రెండు రకాలు. హెల్మెట్ నడినెత్తితో గుద్దితే ఎదుట ఎవరున్నా తప్పే. రెండోది, తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్నవాడి తల మీదో మెడ మీదో బలంగా కొట్టడం. బంతి పట్టుకుంటున్నవాడు ఇందులోకే వస్తాడు. అయితే దేనికైనా ఒక గుర్తు కనబడాలి: గాల్లోకి ఎగరడం, వంగి పైకి లేస్తూ కొట్టడం, తల దించడం, ఇలాంటివి. పైగా 2019 నుంచి ఇవన్నీ రీప్లేలో ఖాయమైతేనే శిక్ష. 'తేల్చలేకపోతున్నాం కాబట్టి మైదానంలో చెప్పిందే ఉంచుతాం' అనే వీలు తీసేశారు. స్టోవాల్ కాచుకోలేని స్థితిలో ఉన్నాడు, అందులో నాకు అనుమానం లేదు. పేచీ అంతా ఆ గుర్తు దగ్గరే.

కొలంబస్_రమణ:
మా ఒహాయో స్టేట్‌కి రెండు వైపులా తగిలింది బాబూ. 2019 ఫియస్టా బౌల్, క్లెమ్సన్ మీద మేం 16-0 ఆధిక్యంలో ఉన్నాం. మా షాన్ వేడ్, ట్రెవర్ లారెన్స్‌ని పడగొట్టాడు. రీప్లే చూసి, టార్గెటింగ్ అని వేడ్‌ని ఆటలోంచి పంపేశారు. 29-23తో ఓడాం. మళ్లీ 2022 డిసెంబర్ 31, ఇదే పీచ్ బౌల్, జార్జియాతో. ఎండ్ జోన్ (పాయింట్లు వచ్చే గీత అవతలి భాగం) వెనక కొసన మా మార్విన్ హారిసన్ జూనియర్‌కి తలదిమ్మెక్కే దెబ్బ తగిలింది. ఫ్లాగ్ వేశారు, రీప్లే చూసి ఎత్తేశారు. ఫీల్డ్ గోల్‌తో, అంటే బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నాం. హారిసన్ మళ్లీ ఆడలేదు. 42-41తో పోయింది. చివరి కిక్ గురి తప్పేసరికి ఇక్కడ కొత్త సంవత్సరం వచ్చేసింది, మా ఇంట్లో ఒకరికొకరం శుభాకాంక్షలు కూడా చెప్పుకోలేదు.

నా బాధ శిక్ష ఉన్నందుకు కాదు. ఇవాళ పంపించేసిన దెబ్బకు రేపు ఫ్లాగ్ కూడా పడకపోతే పిల్లలు ఏం నేర్చుకోవాలి?

బాటన్‌రూజ్_పద్మ:
2018లో మా ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆటగాడు డెవిన్ వైట్ సంగతి మర్చిపోయారా! మిసిసిపీ స్టేట్‌తో ఆట రెండో సగంలో టార్గెటింగ్ అని పంపేశారు, అందువల్ల తర్వాతి ఆటలో మొదటి సగం కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి ఆట అలబామాతో. 29-0తో ఓడిపోయాం. అతనుంటే గెలిచేవాళ్లమని అనను. రెండో సగంలో పడిన శిక్ష మీద అప్పీలుకు దారి 2022లో గానీ తెరవలేదు, అదే నాకు మనసుకు పట్టింది.

డాలస్_నాన్న:
టీవీలో చూసింది కాదండీ, మా ఇంట్లో జరిగింది. మా అబ్బాయి హైస్కూల్లో లైన్‌బ్యాకర్, ఎదుటివాళ్లని ఆపే ఆటగాడు. టెక్సస్‌లో హైస్కూళ్లు కూడా కాలేజీ నిబంధనలతోనే ఆడతాయి. మొన్న శుక్రవారం బంతి పట్టుకున్న కుర్రాడు ఆఖరి క్షణంలో కిందకి జారాడు, మావాడు అప్పటికే తల వంచి దూకేశాడు. ఆటలోంచి పంపేశారు. రీప్లే లేదు. వాడు కావాలని చేయలేదు. మన కబడ్డీలో చూడండి, గ్రీన్ కార్డు హెచ్చరిక, ఎల్లో అయితే రెండు నిమిషాలు బయట, రెడ్ అయితే ఇక ఆడనివ్వరు. ఇక్కడ కూడా పొరపాటుకు 15 యార్డులు, కావాలని కొడితే బయటికి అని రెండు మెట్లు పెడితే ఏం పోయింది?

ఎడిసన్_ఫిజియో:
అన్నయ్యా, మీ బాధ అర్థమవుతోంది, కానీ నేను ఒప్పుకోలేను. నేను ఇక్కడ న్యూజెర్సీలో ఫిజియోథెరపిస్టుని. రట్గర్స్ యూనివర్సిటీ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. 2010 అక్టోబర్ 16, ఆర్మీతో (సైనిక అకాడమీ జట్టు) ఆట. కిక్‌ఆఫ్‌లో బంతి తెచ్చేవాణ్ణి ఆపబోయి తల దించి గుద్దాడు. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతిని పక్షవాతం వచ్చింది. కొట్టినవాడికండీ, దెబ్బ తిన్నవాడికి కాదు. మామూలుగా మెడకు చిన్న వంపు ఉంటుంది, అదే దెబ్బను కాస్త మింగుతుంది. తల దించగానే ఎముకలన్నీ కర్రలా ఒకే వరసలోకి వస్తాయి, అదురు నేరుగా వాటి మీదే పడుతుంది. మెడకు ఉద్దేశం తెలియదు కదా.

ఒకటి అడుగుతాను. మీవాడికి ఆ రాత్రి ఎలా ఉంది?

డాలస్_నాన్న:
తలనొప్పి అన్నాడమ్మా. లైటు వేయొద్దన్నాడు. ఏడ్చాడు కదా, అందుకే అనుకున్నాం. నిన్న కూడా అన్నం సరిగ్గా తినలేదు.

ఎడిసన్_ఫిజియో:
వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఈలోగా వాంతులైనా, మగతగా ఉన్నా, మాట తడబడినా నేరుగా ఎమర్జెన్సీకే. సోమవారం ప్రాక్టీసుకు పంపకండి. డాక్టర్ రాసిచ్చేదాకా హెల్మెట్ ముట్టుకోనివ్వొద్దు. తగ్గిపోయింది, బాగానే ఉంది అంటాడు, నమ్మకండి.

డాలస్_నాన్న:
ఇప్పుడే అన్నాడమ్మా ఆ మాట. బయల్దేరుతున్నాం.

టెంపే_కుర్రాడు:
అన్నా, డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయండి.